కడత్తూరు ట్యాంకులోని ఎనిమిది దిమ్మలు

గత నెలలో ఒక మంగళవారం ఉదయం మా మేనమామ కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఇంటి మెట్టు మీద కూర్చుని కన్నుమూశారు. కడత్తూరు నీళ్ల ట్యాంకుకు ఫిట్టరుగా పనిచేసి రిటైరైన ఆయన మరణవార్త హరూరులోని మా నీటి సరఫరా శాఖ కార్యాలయానికి పదిన్నర గంటలకు మా అమ్మ ఫోను ద్వారా చేరింది.

"మీ మామ పోయినాడురా," అంది అమ్మ.  తరువాత, "గ్లాసు గూడా కడిగి పెట్టి పోయినాడు," అంది.

ఆ సమయంలో నేను, నా సీటులో పెండింగు ఫైళ్లు ఏవీ లేవని ధ్రువీకరించే కాగితం మీద సంతకం చేస్తున్నాను. ఒక ఫైలు మాత్రం నా బల్ల కింద, నా ఎడమ కాలికి ఆనుకుని, పన్నెండేళ్లుగా ఉంది. అది మామ ట్యాంకు ఫైలు. దాన్ని కదపమని ఆయన పోవడానికి మూడు వారాల ముందు స్వయంగా వచ్చి అడిగారు. "వచ్చే వారం చూద్దాం మామా," అన్నాను. పాఠకులు ఈ సంగతిని గుర్తుంచుకోవలసిందిగా మనవి.

ఈ నాలుగు మాటలు తెలుగులో రాయడం మీద ఒక అభ్యంతరం ఉండవచ్చు. మాది తమిళ ఊళ్ల మధ్య ఉన్న తెలుగు వీధి. మామ ఇంట్లో తెలుగు మాట్లాడేవారు, వీధి దాటితే తమిళం మాట్లాడేవారు, చదవడం మాత్రం తమిళమే చదివేవారు. మా వీధిలో తెలుగు అక్షరాలు తెలిసినవాళ్లం నలుగురం. అందులో ఒకరి కళ్లజోడు విరిగి ఆరు నెలలైంది. కనుక ఆయన బతికి ఉన్నా దీన్ని నేనే చదివి వినిపించవలసి వచ్చేది. ఈపాటికి చేయెత్తి ఆపి, "ట్యాంకు సంగతికి రాప్పా," అనేవారు. వస్తున్నాను.

కడత్తూరు నుంచి ఏ. పళ్లిపట్టి వైపు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవారికి ఒక రాతి గుట్ట, దాని మీద గుండ్రటి నీళ్ల ట్యాంకు కనిపిస్తాయి. అది ఉక్కు ట్యాంకు. చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో సిమెంటు ట్యాంకులుండగా ఇదొక్కటే ఉక్కుతో ఎందుకు కట్టారని అడిగితే మా శాఖ వద్ద సమాధానం సిద్ధంగా ఉంది: ఉక్కు పలకలు ముందే వచ్చేశాయి.

ఆ ట్యాంకు రాకముందు మా వీధి బోరు నీళ్లు తాగేది. ఆ నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. నా వయసువాళ్లం నవ్వితే ఎవరికైనా ఆ సంగతి తెలిసిపోతుంది. అందుకే మేము ఎక్కువగా నవ్వం. పసుపు పళ్లు, వాటి మీద గోధుమరంగు చారలు. మా అమ్మ మోకాళ్లు యాభై ఏళ్లు నిండకముందే వంగిపోయాయి. ట్యాంకు వచ్చాక నది నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లలకు పళ్లు తెల్లగా వచ్చాయి. మా ఇళ్లల్లో ఎవరు ట్యాంకుకు ముందు పుట్టారో, ఎవరు తరువాత పుట్టారో తెలుసుకోవడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. నవ్వమంటే చాలు.

మామ అదే చేసేవారు. దోవలో ఏ పిల్ల ఎదురైనా, "ఏదీ, పళ్లు చూపీ," అనేవారు. పిల్ల ఈ అని చూపించేది. ఆయన తల వంచి, కళ్లు చికిలించి, ఒక చివర నుంచి మరో చివరకు చూసి, "సరి, పో," అనేవారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లు కొందరు ఆయనను పళ్ల డాక్టరు అనుకుని తమ నొప్పుల సంగతి చెప్పుకున్న సందర్భాలున్నాయి. ఆయన దృష్టిలో అది శాఖాపరమైన తనిఖీ. ట్యాంకు సరిగ్గా ఉందా లేదా అన్నది గుట్ట మీద సగం తెలుస్తుందనీ, మిగతా సగం వీధిలో తెలుస్తుందనీ ఆయన అభిప్రాయం.

ఇక దిమ్మల సంగతి. ఉక్కు నీళ్లలో ఉంటే తుప్పు పడుతుంది. అందుకని ట్యాంకు లోపల రంగు వేస్తారు. రంగు ఎక్కడో ఒకచోట పొరలు లేస్తుంది. తుప్పు అక్కడే మొదలవుతుంది. దీనికి విరుగుడుగా, ఉక్కు కంటే సులభంగా కరిగిపోయే మెగ్నీషియం దిమ్మలను ట్యాంకు గోడకు వైరుతో కలిపి నీళ్లలో వేలాడదీస్తారు. దిమ్మ కరుగుతున్నంత కాలం ఉక్కు జోలికి తుప్పు రాదు. కరిగిపోయాక కొత్త దిమ్మ పెట్టాలి. మా ట్యాంకులో అటువంటివి ఎనిమిది ఉన్నాయి. పుస్తకాలలో వాటిని త్యాగ ఆనోడులు అంటారు. మామ కావలి దిమ్మలు అనేవారు.

"నీళ్లకు ఆకలప్పా," అని ఆయన చెప్పేవారు. "ఏదో ఒకటి తినకుండా ఉండవు. ట్యాంకును తినొద్దండి, ఇదో, దీన్ని తినండి అని పెట్టినాము. అంతే."

ఒకసారి నేను, పుస్తకంలో వీటి పేరు త్యాగమని ఉందని చెప్పాను. ఆయనకు నచ్చలేదు. "త్యాగమేముండాది దాంట్లో? దాని పని అది చేస్తాంది," అన్నారు.

ఇక్కడ పాఠకులకు ఒక పోలిక తోచి ఉండవచ్చు. ఇతరుల కోసం కరిగిపోయిన దిమ్మ, ఇతరుల కోసం కరిగిపోయిన మనిషి అని. సంతాప సభలో మా శాఖ తరఫున మాట్లాడినవారు ఆ పోలికను వాడారు కూడా. వాస్తవాల దృష్ట్యా దాన్ని సవరించవలసి ఉంది. మామ ఎక్కడా కరగలేదు. సర్వీసులో చేరిననాటి నుంచి ఏటేటా లావెక్కారు. చివరికి ట్యాంకు పైమూతలో నుంచి దిగడానికి ఊపిరి బిగబట్టవలసి వచ్చేది. "నేను దిమ్మను కాదు, దిమ్మ పెట్టేవాణ్ణి," అని ఆయనే అనేవారు. రెండిటికీ తేడా తెలిసినవాళ్లు మా శాఖలో తక్కువ.

ట్యాంకు కడిగినప్పుడల్లా ఆయన ఎనిమిది దిమ్మలనూ విప్పి, కొక్కెం త్రాసుకు తగిలించి, తూచి, ఎంత తరిగిందో తమిళంలో నోటుబుక్కులో రాసేవారు. బాగా తరిగిన దిమ్మను చూస్తే ఆయన ముఖం విప్పారేది. అది గుంటలు పడి, తెల్లటి పొడి కప్పి, చీమలు సగం తిన్న బెల్లపు అచ్చులా ఉండేది. "చూడు, ఎట్ల పనిచేసినాదో!" అనేవారు. ఏ దిమ్మైనా కొత్తదానిలా ఉంటే మాత్రం అనుమానంగా చూసి, ముందు దాని వైరు లాగి చూసేవారు. నూటికి నూరుపాళ్లు వైరు ఊడి ఉండేది.

పనికిరాకుండా పోయిన దిమ్మల మొండేలను ఇంటికి తెచ్చి కిటికీలో వరుసగా పెట్టుకునేవారు. మా అత్తకు ఆ వరుస మీద చాలా మాటలుండేవి.

"వాటిని నెలనెలా తూస్తావు. పెండ్లాన్ని ఒకనాడన్నా తూచినావా, నేనెంత తరిగినానో?"

"నీ వైరు ఊడలేదులే," అనేవారు మామ, నోటుబుక్కు నుంచి తల ఎత్తకుండా. దాన్ని పొగడ్తగా తీసుకోవాలో వద్దో తేల్చుకోవడానికి మా అత్తకు ముప్పై ఏళ్లు పట్టింది. పొగడ్తేనని మొన్న పెద్దకర్మ వంటలు వండుతుండగా నాతో అంది.

తూకం కాక మరొక పరీక్ష ఉండేది. మైలుతుత్తం నీళ్లు నింపిన ఒక నీలి గొట్టాన్ని ట్యాంకులోకి దించి, మీటరు వైరు ఒకటి దానికి, ఒకటి ట్యాంకు గోడకు తగిలించేవారు. ముల్లు మైనస్ ఎనిమిది వందల యాభై మిల్లీవోల్టులు దాటి కిందికి పోయిందంటే ఉక్కు క్షేమం. ఆయన రిజిస్టరు నిండా మైనస్సులే. అటువంటి రిజిస్టరును తనిఖీకి పెట్టడం సాహసమని ఆయనకు తెలియదు.

పన్నెండేళ్ల కిందట, ట్యాంకు ఖాళీ చేసి కడిగే రోజున, అప్పటి మా అధికారి తనిఖీకి వచ్చారు. రిజిస్టరు పట్టుకుని వెంట నేనున్నాను. ఆయన నిచ్చెన దిగి, లోపల టార్చి వేసి, దిమ్మలను చూసి ఆగిపోయారు. వారి సంభాషణ తమిళంలో జరిగింది. దాన్ని తెలుగు చేసి రాస్తున్నాను.

"ఇవేమిటి?"

"కావలి దిమ్మలు సార్."

"ఇట్లా ఎందుకున్నాయి?"

"పని చేసినాయి సార్."

"ఇచ్చినప్పుడు ఉన్న బరువులో ఎంత మిగిలింది?"

"సగం గూడా లేదు సార్!" అన్నారు మామ. బిడ్డ స్కూలులో మొదటి ర్యాంకు తెచ్చుకున్న సంగతి చెప్పే తండ్రి గొంతు అది.

అధికారి టార్చిని గోడల మీదికి తిప్పారు. "ట్యాంకుకు రంగు వేశారు. నిచ్చెనకు వేశారు. బయట గేటుకు కూడా వేశారు. వీటికి మాత్రం ఎందుకు వేయలేదు?"

"వేస్తే పని చేయవు సార్."

"రంగు వేస్తే పాడైపోయే వస్తువును నా సర్వీసులో చూడలేదు," అన్నారు అధికారి. తరువాత రిజిస్టరు తెరిచారు. "అన్నీ మైనస్సే! ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ప్లస్ రాలేదా?"

"రాకూడదు సార్."

"వచ్చే మూడు నెలల్లో కనీసం సున్నాకైనా తీసుకురండి."

దిమ్మల సంగతి నాకు తెలుసు. మామ నా చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. అక్కడ ఒక మాట చెప్పి ఉండవచ్చు. కాని మాట చెప్పడం నా విధుల పట్టికలో లేదు. నేను రిజిస్టరును మరో చేతికి మార్చుకున్నాను.

మరునాడు మెమో తయారుచేయమని ఆ పని నాకే అప్పగించారు. నేను తమిళంలో శ్రద్ధగా రాశాను. "మీ సంరక్షణలో ఉంచిన ఎనిమిది మెగ్నీషియం దిమ్మలు మీ అజాగ్రత్త కారణంగా సగానికి పైగా క్షీణించినట్లు గమనించడమైనది. సదరు నష్టానికి మిమ్మల్ని ఎందుకు బాధ్యులుగా చేయరాదో ఏడు దినములలో తెలుపవలెను." ఆదివారం మామ ఆ మెమోను మడిచి చొక్కా జేబులో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"అల్లుడూ, ఎవురో బాగా రాసినారప్పా. చదివినాంక నేను దొంగనేమో అని నాకే అనుమానం వచ్చినాది."

"నేనే రాసినాను మామా."

ఆయన నన్నొకసారి చూశారు. కోపం కోసం వెతికాను, కనబడలేదు. "చేయి బాగా తిరిగినాది నీకు," అన్నారు. "సరే. జవాబు గూడా నువ్వే రాయి. నేను రాస్తే ఇంత బాగుండదు."

ఆ విధంగా నేను వేసిన ప్రశ్నలకు నేనే జవాబులు రాశాను. ఆయన చెప్పింది ఒకటే ముక్క: "దిమ్మలు తరిగినందుకు నేనే బాధ్యుణ్ణి. తరగనినాడు సంజాయిషీ అడగండి." దాన్ని నేను నాలుగు పేజీలు చేశాను. సోమవారం ఆ జవాబు నా సీటుకే వచ్చింది. ముద్ర వేసి, చదివి, సంతృప్తికరంగా లేదని నోటు పెట్టాను. అధికారి అభిప్రాయం అదేనని నాకు ముందే తెలుసు.

"ఏమైనాది మన జవాబు?" అని అడిగారు మామ.

"తిరస్కరించినాము మామా."

"ఎవురు?"

"నేనే."

"పూర్తిగా చదివే తిరస్కరించినావా?"

"పూర్తిగా చదివినాను."

"అయితే సరి," అన్నారు.

ఎనిమిది దిమ్మలకూ రెండు పూతల రంగు వేయవలెనని ఉత్తర్వు వెలువడింది. రంగు వేసిన దిమ్మ కరగదు. దిమ్మ కరగకపోతే గోడ కరుగుతుంది. గోడ కరిగితే మా వీధి మళ్లీ బోరు దగ్గరికి పోవాలి. ఈ మూడు మాటలనూ ఉత్తర్వులో ఎక్కడా పొందుపరచలేదు.

మామ ఉత్తర్వును ధిక్కరించలేదు. అమలు చేయడం మొదలుపెట్టారు. తన పద్ధతిలో. శుక్రవారం కడత్తూరు బస్సులో రెండు ప్లాస్టిక్ బకెట్లు, ఒక క్యాను బోరు నీళ్లు, రెండు ఉక్కు పలకలు, రెండు చిన్న దిమ్మ ముక్కలు పట్టుకుని హరూరులో దిగారు. ఒక ముక్కకు ఉత్తర్వులో చెప్పినట్టే రెండు పూతల రంగు వేసి ఉంది, ఇంకొకటి ఉత్తదే. ఒక్కో పలకకు ఒక్కో ముక్కను వైరుతో కట్టి, ఒక్కో బకెట్టులో దించి, మా కార్యాలయం వరండాలో, అధికారి రోజూ నడిచే దోవకు ఎడమ పక్కన పెట్టారు. బకెట్ల మీద ఒకటి, రెండు అని అంకెలు వేశారు.

"ఇవేమిటి?" అన్నారు అధికారి.

"రంగు పని సార్. ముందు శాంపిలు," అన్నారు మామ.

శాంపిలు అనే మాటకు మా శాఖలో గౌరవం ఉంది. అధికారి లోపలికి వెళ్లిపోయారు. తరువాతి వారం, వరండాలో నీళ్లు నిలవ ఉంచి దోమలను పెంచుతున్నారని మామకు రెండో మెమో వెళ్లింది. అదీ నేనే రాశాను. ఆయన మా అత్త పాత చీర చింపి బకెట్లకు మూతలు కట్టారు. ప్రతి శుక్రవారం వచ్చి, తరిగిన నీళ్లు నింపి, చీర ముక్కలు మళ్లీ బిగించి, ఎవరితోనూ వాదించకుండా మధ్యాహ్నం బస్సుకు తిరిగి వెళ్లేవారు. మొదట్లో మా వాళ్లు ఎగతాళి చేశారు. "మామా, ఏం నాటినావు, మొలకెత్తినాదా?" అనేవాడు మా రికార్డు కీపరు. "ఒకదాంట్లో మొలకెత్తినాది," అనేవారు మామ.

వానలు వెళ్లిపోయాక ఒకనాడు ఆయన రెండు మూతలూ విప్పారు. ఒకటో బకెట్టులో నీళ్లు పాలు పోయని టీలా ఉన్నాయి. రంగు దిమ్మ కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది. పలక మాత్రం ఎర్రగా పొక్కులెక్కింది. రెండో బకెట్టులో దిమ్మ ముక్క గుంటలు పడి చిక్కి శల్యమైంది. నీళ్ల అడుగున తెల్లటి మడ్డి. పలక నూనె రాసినట్టుంది. అధికారి బయటికి వచ్చి చాలాసేపు చూశారు. మామ చేతులు కట్టుకుని నిలబడ్డారే తప్ప ఒక్క మాట అనలేదు. ఆ మౌనం కోసమే ఆయనను ఎక్కువగా గౌరవిస్తాను. ఆయన స్థానంలో నేనుంటే నాలుగు పేజీలు చెప్పేవాణ్ణి.

"ఆ నీళ్లు పారబోయించండి," అని అధికారి లోపలికి పోయారు. ఫైలు మీద "పరిశీలనలో ఉంచవచ్చును" అని రాశారు. రెండు నెలల తరువాత బదిలీ మీద వెళ్లారు.

పరిశీలనలో ఉన్న ఉత్తర్వు చాలా స్థిరమైన పదార్థం. దాన్ని ఎవరూ అమలు చేయరు, ఎవరూ రద్దు చేయరు, దానికి తుప్పు పట్టదు. కొత్త అధికారి ఎవరైనా చూస్తే రంగు వేయమంటారేమోనని ఆ ఫైలును నేను బల్ల కింద పెట్టాను. నా సర్వీసులో నేను చేసిన మంచి పని ఒక ఫైలును కదపకపోవడమేనని చాలా ఏళ్లు లోలోపల సంతోషించాను.

ఆ సంతోషంలో ఒక లోపం ఉంది. ట్యాంకుకు కొత్త దిమ్మలు కావాలని ఎప్పుడు రాసినా, రంగు వేయు విషయము తేలిన పిదప పంపవలెనని పై నుంచి తిరిగి వచ్చేది. విషయము తేలకుండా చూస్తున్నది నేనే. మామ సర్వీసులో ఉన్నన్నాళ్లూ షెడ్డులో మిగిలిన పాత దిమ్మలను పొదుపుగా వాడుకుంటూ వచ్చారు. ఆయన రిటైరయ్యాక ఆయన దగ్గరే పని నేర్చుకున్న ఇప్పటి ఫిట్టరు చివరి ఎనిమిదింటినీ వేలాడదీశాడు. షెడ్డు ఖాళీ అయింది. రంగు నుంచి ట్యాంకును కాపాడిన నా బల్లే దాన్ని దిమ్మలు లేకుండా చేసింది.

ఇది చెప్పడానికే ఆయన చివరిసారి హరూరు వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"దిమ్మలు అయిపోతాండాయి అల్లుడూ. బొటనవేలంత ఉండాయి. ఆ ఫైలు బయటికి తీయప్పా."

"తీస్తే మళ్లా రంగు వేయమంటారేమో మామా."

"వేయమంటే మళ్లా బకెట్లు పెడతాము. నాకు ఓపిక ఉండాది. దిమ్మలకే లేదు."

"వచ్చే వారం చూద్దాం మామా."

ఆయన వంగి బల్ల కిందికి చూశారు. "కాగితం మీద కాలు పెట్టొద్దప్పా," అని, ఆ లావు మనిషి కష్టపడి కూర్చుని, ఫైలును పైకి తీసి, తువ్వాలుతో దుమ్ము దులిపి, నా బల్ల మీద నా ముందు పెట్టి వెళ్లారు. ఆయన బస్సు ఎక్కి ఉంటారనుకున్నాక దాన్ని మళ్లీ కిందికి దించాను.

ఆయనను తీసుకుపోయే రోజు వీధి నిండా జనం. ముందు వరుసలో మా వయసువాళ్లం నోళ్లు మూసుకుని నిలబడ్డాం. మా వెనుక, ఆయన పరీక్షించి పంపిన రెండు తరాల పిల్లలు. కొందరు పెళ్లిళ్లయి బిడ్డలను చంకనేసుకుని వచ్చారు. ఏడ్చేటప్పుడు కూడా పళ్లు కనిపిస్తాయన్న సంగతి నేను ఆ రోజే గమనించాను. అన్నీ తెల్లగా ఉన్నాయి.

మూడో నాడు శ్మశానంలో పాలు పోసి వచ్చాక మా అత్త, బకెట్లలో నుంచి తెచ్చి ఆయన కిటికీలో పెట్టుకున్న ఆ రెండు ఉక్కు పలకలనూ, నోటుబుక్కునూ ఆయన ఖాకీ చొక్కాలో చుట్టి నా చేతిలో పెట్టింది. "వీటిని తుడిచీ తుడిచీ నా చేతులు తరిగినాయి. ఇంక నీ ఆఫీసులో పెట్టుకో," అంది.  మళ్లీ అంది: "నీ దగ్గరికి వచ్చిపోయినాంక మూడు వారాలూ అడిగినాడు. 'అల్లుడు ఫోను చేసినాడా?' అని."

మరునాడు పొద్దున ఫైలునూ ఖాకీ మూటనూ పట్టుకుని అధికారి గదిలోకి వెళ్లాను. ఇప్పటి అధికారి ఒక మహిళ. వయసులో నాకంటే చాలా చిన్న, ఇంజనీరింగు చదివినవారు. ఫైలు మొదటి నుంచి చివరి వరకు చదివారు. మా శాఖలో అలా జరగడం నేను మొదటిసారి చూశాను.

"దీన్ని ఇన్నేళ్లూ ఎవరు ఆపారు?"

"నేనే మేడమ్."

"ఎందుకు?"

"ట్యాంకును కాపాడటానికి."

"మరి ఇప్పుడెందుకు తెచ్చారు?"

"ట్యాంకును కాపాడటానికే మేడమ్."

ఆమె మూట విప్పి రెండు పలకలనూ పక్కపక్కన పెట్టారు. ఒకటి వేలితో తాకితే పొడి రాలింది. రెండోదాన్ని కిటికీ వెలుతురుకు తిప్పి చూశారు. మామ నోటుబుక్కులో ఆ శుక్రవారాలన్నీ వరుసగా ఉన్నాయి, అవీ తిరగేశారు. "చాలా పద్ధతిగా చేశారు," అన్నారు. "ఈ ఫిట్టరును ఒకసారి రమ్మనండి. మాట్లాడాలి."

"రాలేరు మేడమ్," అన్నాను.

ఆమె నన్ను చూశారు, ఖాకీ చొక్కాను చూశారు. పాత ఉత్తర్వును రద్దు చేస్తూ సంతకం పెట్టారు; కొత్త దిమ్మలు ఎనిమిది, షెడ్డులో ఉంచడానికి మరో ఎనిమిది తెప్పించమని కింద రాశారు. కలం మూత పెట్టబోతూ ఆగారు.

"పెండింగు ఫైళ్లు లేవని మొన్న సంతకం చేశారు కదా మీరు?"

"చేశాను మేడమ్."

"దానికి మీకు మెమో ఇవ్వవలసి ఉంటుంది."

"డ్రాఫ్టు నేనే పెడతాను మేడమ్," అన్నాను. పెట్టాను. సంజాయిషీ కూడా రాశాను. ఈసారి ఒక పేజీ దాటలేదు.

దిమ్మలు వచ్చిన రోజున ఇప్పటి ఫిట్టరుతో కలిసి గుట్ట ఎక్కాను. ట్యాంకు ఖాళీ చేసి ఉంది. లోపలికి దిగాం. పాత దిమ్మలు ఎనిమిదింట ఆరు పూర్తిగా పోయి, మధ్యలో ఉండే ఇనుప చువ్వలు మాత్రం వేలాడుతున్నాయి. మిగతా రెండింటికి చువ్వను పట్టుకుని చిటికెనవేలంత తెల్లటి ముక్క మిగిలింది. గోడ చుట్టూ ఫిట్టరు చేయి పెట్టి తడుముతూ వచ్చాడు. ఒక అతుకు దగ్గర ఆగాడు. రూపాయి బిళ్లంత పొక్కు. గోకితే ఎర్రటి పొడి.

"ఇదొక్కటే సార్," అన్నాడు. "ఇంకా నాలుగు నెలలు పోయుంటే చిల్లు పడేది."

ఆ రూపాయి బిళ్లంత మేర నాది. మిగిలిన గోడంతా ఆయనది.

పొక్కును శుభ్రం చేసి రంగు పూసి ఆరనిచ్చాం. కొత్త దిమ్మలు బిగించాం. ఫిట్టరు ఒక్కొక్క వైరునూ రెండుసార్లు లాగి చూశాడు. పైకెక్కి నీళ్లు వదిలాం. నీళ్లు గోడ వెంట నిదానంగా ఎక్కి దిమ్మలను ముంచాయి. మూత దగ్గర నుంచి ఎండ ఒక పలకలా లోపలికి దిగింది. మామ ఇక్కడే, ఈ ఇనుప అంచు మీదే, దిమ్మలు మునిగాక కూడా దిగకుండా కూర్చునేవారు. ఎందుకని ఒకసారి అడిగితే, "ఉండప్పా, తినడం మొదలుపెట్టాల కదా," అన్నారు.

నేనూ కూర్చున్నాను. ఫిట్టరు పనిముట్లు సంచిలో వేసుకున్నాడు గాని, దిగుదామనలేదు. కొంతసేపు నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. తరువాత ఎండ పడే చోట ఉన్న దిమ్మ మీద, ఆవగింజలో సగం కూడా లేని ఒక బుడగ పుట్టింది. కాసేపు అక్కడే పట్టుకుని ఉండి, వదిలి, పైకి వచ్చి విచ్చుకుంది. దాని వెనుక ఇంకొకటి. తరువాత సన్నని దారంలా, తెంపు లేకుండా.

"తింటాంది సార్," అన్నాడు ఫిట్టరు.

కింద వీధిలో కొళాయిల దగ్గర బిందెలు పెట్టిన చప్పుడు వినిపించింది. మేము ఇంకా కాసేపు ఆ బుడగలను చూస్తూ ఉండిపోయాం.